జోకు కింద పేరు ఉంచండి, మనిషి ముఖం అడిగి వాడండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో, ఫొటోల మీద జోకు మాటలు రాసి నెట్‌లో పెట్టే మీమ్ పేజీలు నడిపే కుర్రాళ్ల గురించి వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ పిల్లల చురుకుదనం గురించి రాసిందంతా ఒప్పుకుంటాను. రెండు లైన్లలో మనిషిని నవ్వించడం చిన్న విద్య కాదు. అయితే ఆ వ్యాసంలో బొమ్మ చేసేవాళ్లు మాట్లాడారు, చూసి నవ్వేవాళ్లు మాట్లాడారు. బొమ్మలో ఉన్న మనిషి మాట ఎక్కడా లేదు. నేను ఆ మనిషిని. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కుదించాల్సి వస్తే కుదించండి గానీ, రైతు సంగతి, పేరు సంగతి మాత్రం తీసేయకండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాని. చేరి ముప్ఫై ఒక్క ఏళ్లయింది. రైతు సరుకు దిగిన దగ్గర్నుంచి కాటా అయ్యి, లెక్క కట్టి, డబ్బు ఆయన చేతికి చేరేదాకా నడుమ తిరిగేది నాలాంటివాళ్లమే.

2025 ఫిబ్రవరిలో యార్డంతా ఒకటే మాట. ధర పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించింది ఆ నెలలోనే. రైతులు కోపంగా ఉన్నారు, దిగులుగా ఉన్నారు. ఆ రోజుల్లో ఒక పొద్దున తేజ రకం టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఒకటి శాంపిల్ కోసం కోసి గుప్పెడు కాయ బయటికి లాగాను. యార్డులో పనిచేసినవాళ్లకి తెలుసు, తేజ కాయ చూడటానికి సన్నగా ఉంటుంది గానీ ఘాటు తలకెక్కుతుంది. ఎన్నేళ్ల అలవాటున్నా టిక్కీ నోరు తెరిచినప్పుడు లేచే ఆ మొదటి దుమ్ము ముక్కులోకి పోతే తుమ్ము ఆగదు. మూతికి కట్టుకున్న తువాలు అప్పుడే మెడ మీదికి జారింది. కళ్లు మూసుకుపోయాయి, నీళ్లు కారిపోతున్నాయి, నోరు చెవుల దాకా తెరుచుకుంది, చేతిలో కాయ గుండెకి అదుముకుని ఉంది. సరిగ్గా ఆ క్షణాన ఎవరో ఫోన్‌లో ఫొటో తీశారు. తీసినట్టు కూడా నాకు తెలియదు.

వారం తిరక్కుండా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, ఒక బొమ్మ పంపించాను, అది నువ్వేనా?" అంది. చూశాను, నేనే. పైన "ఒకటో తారీఖు జీతం పడింది" అనీ, కింద "రెండో తారీఖు బ్యాలెన్స్ చూసుకున్నప్పుడు" అనీ రాసి ఉంది. చదివి నేనూ నవ్వాను. నెల జీతగాణ్ణి, ఆ మాటలో అబద్ధం లేదు. మా ఆవిడ కూడా నవ్వింది. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరమే లేదు.

ఆగలేదు. పది రోజుల్లో అదే ముఖం కింద రకరకాల మాటలు వచ్చాయి. పరీక్ష తప్పినవాడు, పెళ్లాం పుట్టింటి నుంచి తిరిగొచ్చినవాడు, తాగి పడిపోయినవాడు. నేను జన్మలో మందు ముట్టలేదు, అయినా అదీ ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఒకటి వచ్చింది. "రైతుని నిండా ముంచి, కెమెరా ముందు దొంగేడుపు ఏడుస్తున్న దలారీ." ధర పడిపోయి రైతు కడుపు మండుతున్న రోజులవి. ఆ బొమ్మ నిప్పులా పాకింది. ఆ కోపం న్యాయమైందే. ఆ కోపానికి ఒక ముఖం కావాల్సి వచ్చింది, చేతికి దొరికిన ముఖం నాది.

వినుకొండ వైపు నుంచి ఒక రైతు ఇరవై ఏళ్లుగా మా దుకాణానికే సరుకు వేస్తాడు. ఆయన కూతురి పెళ్లికి వెళ్లి భోజనం చేసి వచ్చినవాణ్ణి. మార్చి మొదట్లో నలభై టిక్కీలతో వచ్చాడు. టీ తాగేటప్పుడు ఫోన్ తీసి చూపించి, "ఇది మీరేగా అన్నా?" అన్నాడు. కోపంగా అనలేదు. నేను జరిగింది చెప్పాను. తుమ్మన్నాను. "అదేలే, నాకు తెలియదా" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం కాటా దగ్గర, ఇరవై ఏళ్లలో మొదటిసారి, ఎరువుల కొట్టు బిల్లు ఒకటి జేబులోంచి తీసి, దాని వెనకవైపు ప్రతి టిక్కీ తూకం తనూ రాసుకున్నాడు. హమాలీ బరువు చెబుతున్నాడు, నేను పుస్తకంలో రాస్తున్నాను, ఆయన కాగితం మీద రాసుకుంటున్నాడు. చివర్లో రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. సరిపోయాయి. ఆయన నా ముఖం చూడకుండా కాగితం మడిచి పెట్టుకున్నాడు.

రాసుకోవడం రైతు హక్కు. ప్రతి రైతూ రాసుకోవాలనే నేనంటాను. కానీ ఆయన ఆ రోజే ఎందుకు రాసుకున్నాడో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. యార్డులో గుమాస్తాకి ఉండే ఆస్తి ఒక్కటే, మాట మీద నమ్మకం. ముప్ఫై ఏళ్లు కూడబెట్టుకున్నది ఒక తుమ్ము ఫొటోకి పోయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాత మా అమ్మాయి ఆ బొమ్మ ఎక్కువగా తిరుగుతున్న ఒక సైటుకి ఫిర్యాదు పెట్టింది. ఆ సైటు పేరు ఇక్కడ రాయను, ఒక్కదాని తప్పు కాదు ఇది. ఫిర్యాదు ఫారం మొత్తం ఇంగ్లీషు. అందులో ఉన్న కారణాల్లో ఏది నొక్కాలో డిగ్రీ చదివిన పిల్లకే అరగంట పట్టింది. అశ్లీలమా అంటే కాదు. హింసా అంటే కాదు. కాపీరైటా అంటే ఫొటో తీసింది నేను కాదు కదా, నా ముఖమే గానీ నా ఫొటో కాదు. "ఇందులో ఉన్నది నేను, కింద రాసింది అబద్ధం, దీనివల్ల నా ఉపాధికి దెబ్బ తగులుతోంది" అని చెప్పుకునే గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు. దగ్గరగా ఉన్నదేదో నొక్కి పంపాం. మా నియమాలకి విరుద్ధంగా ఏమీ లేదని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఆ జవాబు మనిషి రాశాడో మిషను రాసిందో కూడా తెలియలేదు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి వేదికలు ఫిర్యాదులు తీసుకునే అధికారిని పెట్టాలి, ఆయన్ని ఎలా పట్టుకోవాలో జనానికి కనిపించేలా రాయాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని అప్పట్లో పెట్టారు. నగ్నంగా చూపించిన బొమ్మలు, మార్ఫింగ్ బొమ్మలైతే ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని అప్పుడే పెట్టారు. 2022 అక్టోబరులో సవరించి, వేదికలు పెట్టుకునే సొంత నియమాలు ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో వాడేవాళ్లు కోరుకున్న భాషలో గానీ అందుబాటులో ఉండాలన్నారు. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్న భాషే. మాకు దొరికింది మాత్రం ఇంగ్లీషు ఫారమే.

పైగా నా కష్టం ఆ నిబంధనల సందులోంచి జారిపోయే రకం. నా బొమ్మ మార్ఫింగ్ కాదు. నేనే, నా తుమ్మే. అబద్ధమంతా కింద రాసిన మాటలో ఉంది. ఇలాంటి అబద్ధాన్ని పట్టుకోవడానికి మనిషి కావాలి, ఆ మనిషికి తెలుగు రావాలి, దలారీ అంటే ఏమిటో, మిర్చి ధర పడిన ఏడాది ఆ మాట అనిపించుకుంటే ఎలా ఉంటుందో తెలియాలి.

మా దుకాణానికి వచ్చే వకీలు ఒకాయన పోలీసు కేసు పెట్టమన్నారు. పెట్టలేదు. జోకు వేసినవాణ్ణి పోలీసులు పట్టుకెళ్లాలని నేను కోరను. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు ఒక అమ్మాయిని, దానికి లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. వాళ్ల మీద పెట్టిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అప్పుడు నేనూ సంతోషించాను. నాకు దెబ్బ తగిలింది కదా అని ఈ రోజు ఆ మాట మార్చుకోను.

కేసు బదులు ఆ కుర్రాణ్ణి వెతికించాను. మా అమ్మాయి ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి వెనక్కి వెళ్తూ మొదట పెట్టిన పేజీ పట్టుకుంది. అలా వెనక్కి వెళ్తుంటే ఒక సంగతి గమనించాం. కాపీ అయిన కొద్దీ బొమ్మ చెడిపోతుంది. కొత్తగా ఉన్న బొమ్మల్లో నా చేతిలో కాయ రంగు వెలిసి తాలు కాయలా ఉంది, నా ముఖం అంచులు చెదిరిపోయి ఉన్నాయి. వెనక్కి వెళ్లేకొద్దీ కాయ ఎరుపెక్కుతూ వచ్చింది. అన్నిటికన్నా ఎర్రగా ఉన్నదాని మూలన చిన్న అక్షరాల్లో ఒక పేజీ పేరు ఉంది. ఆ పేరుకి మెసేజ్ పెడితే జవాబు వచ్చింది. గుంటూరు కుర్రాడే. డిగ్రీ రెండో ఏడు. వాళ్ల మేనమామ మా యార్డులోనే హమాలీ, ఆ రోజు మామకి క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడట.

బ్రాడీపేటలో ఒక టీ కొట్టు దగ్గర కలిశాం. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "సారీ బాబాయ్‌గారూ, మిమ్మల్ని ఏదో అనాలని కాదు, ఎక్స్‌ప్రెషన్ బాగుందని తీశాను" అన్నాడు. జీతం జోకు ఒక్కటే తనది. దలారీ అని రాసింది ఎవరో తనకీ తెలియదు. అక్కడే నా ముందే తన పేజీలోంచి బొమ్మ తీసేశాడు. ఆ తర్వాత, నేను అడక్కుండానే, ఫోన్‌లో ఇంకో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి తన పేజీలోది, మూడొందల చిల్లర లైకులు. రెండోది ఒక పెద్ద పేజీది. అదే బొమ్మ, అవే మాటలు, లక్ష దాటిన లైకులు. తన పేజీ పేరు ఉన్న మూల మీద నల్లటి పట్టీ వేసి, దాని మీద వాళ్ల పేరు వేసుకున్నారు. "నాలుగు రోజులు ఆలోచించి రాసిన లైను బాబాయ్‌గారూ. క్రెడిట్ ఇవ్వండన్నా అని అడిగితే బ్లాక్ చేశారు." చెబుతుంటే గొంతు పట్టేసింది.

నాకు కోపం తగ్గిందని కాదు. అడక్కుండా ఫొటో తీయడం తప్పేనని చెప్పాను, వాడూ ఒప్పుకున్నాడు. కానీ ఆ రెండు బొమ్మలూ చూస్తుంటే అసలు జరుగుతున్నదేమిటో అప్పుడు తెలిసింది. చేతులు మారే కొద్దీ చేసినవాడి పేరు తుడిచేస్తున్నారు, సంబంధం లేనివాడి ముఖం మాత్రం జాగ్రత్తగా ఉంచుతున్నారు. చెరపాల్సింది ఉంచి, ఉంచాల్సింది చెరుపుతున్నారు. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ఇది నాకు ఇంతలా తగలడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకప్పుడు నేనూ జోకులు పంపినవాణ్ణే. 1987లో, ఇంటర్ చదివే రోజుల్లో, విజయవాడ నుంచి వచ్చే ఒక వారపత్రికకి జోకు పంపాను. కాగితానికి ఒకవైపే రాయాలి. తిరుగు కవరు జతచేయాలి. అన్నిటికన్నా ముఖ్యం హామీపత్రం: "ఈ జోకు నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు" అని రాసి సంతకం పెట్టాలి. నాలుగు లైన్ల జోకుకి ఆ హామీపత్రం రాస్తుంటే ఏదో దస్తావేజు మీద సంతకం పెడుతున్నంత భయం వేసేది. మొదటి మూడూ తిరిగొచ్చాయి. నాలుగోది అచ్చయింది. నేను రాసిన ఒక మాట తీసి ఇంకో మాట పెట్టారు, జోకు ఇంకా బాగుంది. కింద నా పేరు, పక్కన గుంటూరు. తర్వాత పది రూపాయల మనియార్డరు వచ్చింది. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టించుకుంటూ "రచయితగారా?" అన్నాడు. మా నాన్న ఆ పత్రిక పట్టుకుని వీధిలో నాలుగిళ్లకి తిరిగారు. ఆయన జోకు చదివి వినిపించలేదు, పేరు చూపించారు.

ఆ పత్రికల్లో కార్టూన్లూ ఉండేవి. అందులో అప్పడాల కర్ర పట్టుకున్న భార్యకి, గుర్రుపెట్టే గుమాస్తాకి, లంచం తినే ఆఫీసరుకి ముఖాలుండేవి. అవి ఊళ్లో ఫలానావాళ్ల ముఖాలు కావు. బొమ్మ గీసినవాడి సంతకం మాత్రం మూలన ఖచ్చితంగా ఉండేది.

ఇప్పటి సైట్ల పద్ధతి వేరని మా అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఎవరైనా బొమ్మ పెట్టొచ్చు. చూసినవాళ్లు పైకో కిందికో ఓటేస్తారు. ఓట్లు పడినకొద్దీ బొమ్మ పైకి లేచి మొదటి పేజీకి వస్తుంది. అమెరికాలో 2005లో మొదలైన రెడ్డిట్, హాంకాంగ్‌లో 2008లో మొదలైన నైన్‌గ్యాగ్ ఇలాగే నడుస్తాయి. వాటి నడుమ, 2007లో, పిల్లి బొమ్మలకి వచ్చీరాని ఇంగ్లీషు మాటలు తగిలించే సైటు ఒకటి పెద్ద పేరు తెచ్చుకుందట. పిల్లులతో నడిచినంతకాలం ఎవరికీ నొప్పి లేదు. మీమ్ అనే మాట ఇంకా పాతది. 1976లో రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త, ఒకరిని చూసి ఒకరు అనుకరిస్తూ పాకించే ఆలోచనకి పెట్టిన పేరు అది. మాట బాగా కుదిరింది. పాకడమే దాని గుణం.

ఓటింగ్ పద్ధతిలో చెడ్డ జోకు కిందికి పోతుంది, నిజమే. లక్షమంది ఓటేస్తారు గానీ, అందులో ఒక్కరికీ "ఈ బొమ్మలో మనిషి ఎవరు, ఆయన్ని అడిగారా?" అని ఆరా తీసే బాధ్యత లేదు. మా రోజుల్లో ఆ బాధ్యత బల్ల వెనక కూర్చున్న సబ్ ఎడిటర్‌ది. ఇప్పుడు అది ఎవరిదీ కాకుండా పోయింది.

చాటువులకి పేర్లున్నాయా, అవి నోళ్ల మీద బతకలేదా అని మా పక్క దుకాణం ఆయన వాదించారు. ఆయనకి పద్యాలు బాగా వచ్చు. కానీ ఆయన చెప్పిన చాటువులే నా మాటకి బలం. పల్నాట జొన్నకూడు తప్ప ఏం దొరకదని వెక్కిరించిన పద్యాన్ని ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా శ్రీనాథుడి పేరుతోనే చెప్పుకుంటాం. ఆయనవి కానివి కూడా ఆయన ఖాతాలో పడ్డాయంటారు. అంటే మనవాళ్లకి పద్యం పక్కన పేరు లేకపోతే తోచేది కాదు. ఆ పద్యం వెక్కిరించింది ఒక సీమని, ఆ సీమలో ఒక రైతు ముఖాన్ని కాదు. ఈ రోజు ఆ పల్నాటి నుంచే మా యార్డుకి మిర్చి వస్తుంది, ఆ రైతులే ఆ పద్యం చెప్పి నవ్వుతారు.

ఇక ముఖం సంగతి. తెలుగు మీమ్స్‌లో సగం బ్రహ్మానందం గారి ముఖం మీదే నడుస్తాయి. ఆయన మా సత్తెనపల్లి వైపు మనిషి. అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పాఠాలు చెప్పి సినిమాల్లోకి వెళ్లారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతి ముఖకవళికా నవ్వించడానికి చేసిందే. అది ఆయన కళ, ఆయన వృత్తి. దాన్ని పిల్లలు వాడుకుంటే ఆయన నవ్వు ఇంకో తరానికి చేరినట్టే. నా తుమ్ము కళ కాదు. నడిరోడ్డు మీద జారిపడిన ముసలమ్మ ముఖం కళ కాదు. ఫీజు కట్టలేక కాలేజీ గేటు దగ్గర ఏడ్చే పిల్ల ముఖం కళ కాదు. ఈ తేడా చేయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

ఇది చివరికి ఎక్కడికి పోతుందో చెప్పే ఉదంతం ఒకటి మా అమ్మాయి వినిపించింది. కెనడాలోని క్యూబెక్‌లో 2002లో ఒక బడిపిల్లవాడు గోల్ఫ్ బంతులు తీసే కర్ర పట్టుకుని, సినిమాలో కత్తియుద్ధంలా ఒక్కడే తిప్పుకుంటూ బడి కెమెరాలో వీడియో తీసుకున్నాడు. ఎవరికీ చూపించడానికి కాదు. 2003లో తోటి పిల్లలకి ఆ టేపు దొరికింది, నెట్‌లో పెట్టేశారు. ఇంకా యూట్యూబ్ కూడా పుట్టని రోజులు. అయినా ప్రపంచమంతా తిరిగింది. ఆ పిల్లవాడు బడి మానేయాల్సి వచ్చింది. తల్లిదండ్రులు కోర్టుకి వెళ్లారు, 2006లో రాజీతో ముగిసింది. పెద్దయ్యాక అతను లా చదివాడు, తనలా వేధింపులు పడే పిల్లల తరఫున మాట్లాడాడు. అది విన్న రాత్రి నేను నా గురించి ఆలోచించలేదు. నాకు యాభై దాటాయి, పక్కన మనుషులున్నారు, తట్టుకున్నాను. పదిహేనేళ్ల పిల్లో పిల్లాడో అయితే?

మీమ్ పేజీలు మూయించాలని నేను అనడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలి కుటుంబం రెండు రోజులు మేడ మీదే ఉంది. అప్పుడు జోకుల పేజీ నడిపే పిల్లలే జోకులు ఆపేసి, ఏ వీధికి పాలు, మంచినీళ్లు అందలేదో పెడుతూ ఉన్నారు. మా చెల్లెలి వీధి పేరు నేను అందులోనే చూశాను. ఆ పిల్లల మనసు నాకు తెలుసు. అందుకే వాళ్లని అడుగుతున్నాను. ముక్కూ ముఖం తెలియని మనిషి ఫొటో మీద మాట రాసే ముందు ఒక్కసారి ఆయన్ని అడగండి. అడిగే వీలు లేకపోతే బొమ్మ గీయండి, లేదా ముఖం కనపడకుండా చేయండి. నా ఫొటోలో గుండెకి అదుముకున్న మిరపకాయల గుప్పెడు చాలు, ఆ జీతం జోకు పండేది. ఎవరైనా వచ్చి "అది నేను, తీసేయండి" అంటే కారణం అడక్కుండా తీసేయండి.

పెద్ద పేజీల వాళ్లు ఇంకొకరి బొమ్మ వాడితే మూలన ఉన్న పేరు కోయకండి. ఎవరు చేశారో తెలియలేదు అనే మాట నేను నమ్మను. ఏ మీమ్ ఎక్కడ పుట్టిందో తవ్వి రాసిపెట్టే నో యువర్ మీమ్ అనే సైటు 2008 నుంచీ ఉంది. ఆఫీసు పని చేసుకుంటూ మా అమ్మాయే నాలుగు సాయంత్రాల్లో మొదటి బొమ్మ పట్టుకుంది. సైట్లు నడిపేవాళ్లు ఫిర్యాదు ఫారం తెలుగులో పెట్టాలి, "ఇందులో ఉన్నది నేను" అని నొక్కే గడి ఒకటి ఉండాలి, దాన్ని చదివే మనిషి ఒకరుండాలి.

చివరిగా మిమ్మల్నీ ఒక మాట అడగాలి, తప్పుగా అనుకోకండి. మీ పత్రికలోనే వారం వారం నెట్‌లో తిరిగే నవ్వుల బొమ్మలు వేస్తున్నారు. కింద "సోషల్ మీడియా నుంచి" అని ఉంటుంది. సోషల్ మీడియా ఏ బొమ్మా చేయదు. తెనాలిలోనో, మంగళగిరిలోనో ఒక పిల్లో పిల్లాడో రాత్రి కూర్చుని చేస్తారు. ఆ పేరు కనుక్కుని వేయండి. దొరక్కపోతే ఆ బొమ్మ వేయకండి. 1987లో నాలుగు లైన్ల జోకుకి హామీపత్రం అడిగిన పత్రికా రంగం మనది. మీరు మొదలుపెడితే పేజీల వాళ్లూ నేర్చుకుంటారు. బ్రాడీపేట టీ కొట్టు దగ్గర నిలబడిన కుర్రాడి పేరు అచ్చులో చూసి వాళ్ల మేనమామ యార్డంతా చూపించుకుంటాడు, నాకు తెలుసు.

వినుకొండ రైతు ఈ సీజన్‌లోనూ మా దుకాణానికే వచ్చాడు. కాగితం తెచ్చుకున్నాడు, రాసుకున్నాడు. నేను నా పెన్నే ఇచ్చాను.

నా పేరు, చిరునామా, ఫోన్ నంబరు వేరే కాగితం మీద రాసి ఈ ఉత్తరానికి జతచేశాను, మీరు విచారించుకోవచ్చు. అచ్చులో మాత్రం పేరు వేయవద్దని కోరుతున్నాను. ఒకప్పుడు నా పేరు అచ్చులో చూసుకోవడానికి మూడుసార్లు తిరుగు కవర్లు అందుకున్నవాణ్ణి. ఇప్పుడు వేస్తే ఇంకా తిరుగుతున్న ఆ బొమ్మకి ఊరూ పేరూ కూడా దొరుకుతాయి.

ఇట్లు,
మిర్చి యార్డు గుమాస్తా,
గుంటూరు